విశ్రాంతి దినము ఎవరెవరిది?



మన పెద్దలు చదువునకు సైతము విడుపు నేర్పరచినారు. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పూర్ణిమ, అమావాస్య అనునవి అనధ్యయన దినములు. ఆ తిథులందు గురువు పాఠము చెప్పడు, శిష్యుడు వల్లింపడు. సుందరకాండము చదివినవారికి జ్ఞాపకముండును: లంకలో కృశించియున్న సీతమ్మను గూర్చి చెప్పుచు హనుమంతుడు ఆమెను పాడ్యమినాడు చదువువాని విద్యతో పోల్చెను. విడుపెరుగని విద్య బలియదు, చిక్కిపోవునని ఆ పోలికలోని భావము. వీధిబడుల కాలమున పిల్లలకు పున్నమకును అమావాస్యకును ఆటవిడుపు దొరకెడిది. ఇక పశువుల మాట. కనుమనాడు కాకియైనను కదలదని సామెత. ఆనాడు ఎద్దు మెడపై కాడి పెట్టరు. కొమ్ములకు రంగు పూసి, మెడకు గంటలు కట్టి పూజింతురు.

వేదమునకు విడుపు కలదు, ఎద్దునకు విడుపు కలదు. పొయ్యికో? కనుమనాడు మినుము తినవలెనని మఱియొక సామెతను మనవారే చెప్పియుంచిరి గనుక, కాకి సైతము కదలని ఆ దినమున ఇల్లాలు కోడికూతవేళకే లేచి గారెలకు పప్పు రుబ్బుచుండును. కార్తికమాసపు వనభోజనము మనకు విశ్రాంతి యనుకొందుమా, ఇంటి పొయ్యి మాని ఉసిరిచెట్టు క్రింద మూడు రాళ్ల పొయ్యి రాజేయుటయే మనకు దొరకు మార్పు.

ఈ మాటలు నవ్వులకు వ్రాయుటలేదు. గడచిన మాఘమాసమున మా గ్రామమునకు వచ్చిన యొక క్రైస్తవ సేవాబృందమువారు తమ యాత్ర నడుమ ఒక దినమును విశ్రాంతికిని, స్థలదర్శనమునకును విడిచిరి. ఆ దినము ఎవరికి చెందవలెనను ప్రశ్న వారిలో పుట్టినది. ఆ ప్రశ్నకు వారు చెప్పుకొన్న సమాధానము వలన ఒక స్త్రీకి గొప్ప మేలు కలిగినది. ఆ వృత్తాంతమే ఈ నెల మీతో ముచ్చటింపదలచితిని. అంతకుముందు, ఈ విశ్రాంతి దినమను ఆచారమునకు మూలమెక్కడనో కొంచెము తెలిసికొనుట మంచిది.

క్రైస్తవ సంఘములవారు జట్టుగా కూడి, వారము పదిదినములు దూరప్రాంతమునకు పోయి సేవచేసి వచ్చుట నేడు అనేక దేశములలో వాడుకగా నున్నది. జట్టులో వైద్యులుండినచో వైద్యము చేయుదురు. పనివారుండినచో బడి గోడలు బాగుచేయుదురు. సాయంకాలములందు ప్రార్థనలు జరుపుదురు. నడుమ నొకనాడు పని నిలిపి, అలసట తీర్చుకొని, ఆ ప్రాంతమున చూడదగిన స్థలములు చూచివత్తురు.

యూదులకును, వారి వెనుక క్రైస్తవులకును పూజ్యములైన పది ఆజ్ఞలలో విశ్రాంతి దినమును గూర్చినది యొకటి. ఆరు దినములు పనిచేసి ఏడవ దినమున మానవలెను. అయితే ఆ యాజ్ఞ ఇంటి యజమానునితో ఆగిపోదు. కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, పశువు, ఇంట తలదాచుకొన్న పరదేశి, వీరందఱిని వరుసగా చెప్పి, వీరిలో ఎవరును ఆనాడు పనిచేయరాదని విధించును. నిర్గమకాండములో ఇందులకు కారణముగా సృష్టిని చెప్పినారు: ఆరు దినములలో లోకమును సృజించి ఏడవనాడు దేవుడు విశ్రమించెనని. ద్వితీయోపదేశకాండములో కారణము వేరు. ఇశ్రాయేలీయులు ఒకప్పుడు ఐగుప్తు దేశమున దాస్యము చేసినవారు. ఆ కష్టము మఱువక, తమ యింటి దాసదాసీజనమునకు తమతోపాటు విశ్రాంతి నీయవలెనని అచ్చట చెప్పబడినది. కష్టమెరిగినవాడే ఇతరుల కష్టము నెరుగునను లోకజ్ఞానము ఇందులో నున్నది.

మన కింకను ముచ్చటయైన సంగతి యొకటి కలదు. ఆ జనులు అరణ్యములో తిరుగుచుండగా మన్నా యను ఆహారము దినదినమును వారికి దొరకెడిదట. ఏనాటిది ఆనాడే కూర్చుకొనవలెను. ఆరవనాడు మాత్రము రెండింతలు కూర్చుకొని, కాల్చవలసినది కాల్చి, వండవలసినది వండి, మరునాటికి దాచుకొనుడని మోషే చెప్పెను. శాస్త్రము చెప్పినవాడు పొయ్యిని మఱువలేదని దీనివలన తెలియుచున్నది. నేటికిని నిష్ఠగల యూదుల ఇండ్లలో శుక్రవారము సూర్యాస్తమయమునకు ముందే ఇల్లాలు దీపములు వెలిగించును. అది మొదలు శనివారము రాత్రి నక్షత్రములు పొడుచువఱకు ఇంట క్రొత్తగా నిప్పు రాజేయరు. చిక్కుడుగింజలు, యవలు, దుంపలు, మాంసము కలిపి కుండలో పెట్టి శుక్రవారము నాడే సన్నని సెగపై నుంచుదురు. అది రాత్రియెల్ల మెల్లగా ఉడికి, మరునాటి మధ్యాహ్నమునకు వేడివేడిగా సిద్ధమగును. ఐరోపా యూదులు దానిని చోలెంట్ అందురు.

మనకును అట్టి ఉపాయము లేకపోలేదు. భాగవతము దశమస్కంధమున గోపబాలురు కృష్ణునితో కూడి అడవిలో చల్దులారగించిన కథ తెలియని తెలుగు ఇల్లు లేదు. ఆ చల్దియే మన చద్ది. చద్దియన్నము పేదవారి తిండియని చులకన చేయుదుము గాని, తెల్లవారుజామున ఇల్లాలికి ఒక గంట నిద్ర మిగిల్చిన వంటకమది.

ఇక క్రైస్తవుల సువార్తల మాట. యేసు తన పన్నిద్దఱు శిష్యులను ఇద్దరిద్దరిగా జతపఱచి ఊళ్లకు పంపెను. వారు పని ముగించి తిరిగివచ్చి జరిగినదంతయు చెప్పిరి. అప్పుడు వచ్చుపోవు జనముతో వారికి భోజనము చేయుటకు సైతము తీరిక లేకపోయెను. అది చూచి ఆయన వారిని ఏకాంతస్థలమునకు పోయి కొంత విశ్రమింపుమని పిలిచినట్లు మార్కు సువార్తలో నున్నది. క్రైస్తవ సేవాయాత్రలో విశ్రాంతి దినమునకు ఇదియే మొదటి దృష్టాంతమని చెప్పవచ్చును. కాని ఆ విశ్రాంతి వారికి దక్కలేదు. వారు పడవలో పోవుచుండగా జనులు ఒడ్డు వెంబడి పరుగెత్తి ముందే చేరియుండిరి. ఐదు రొట్టెలు, రెండు చేపలతో ఐదువేలమంది పురుషులకు భోజనము పెట్టిన కథ ఆనాటిదే.

ఆ ప్రయాణములలో స్త్రీలును వెంట నుండిరి. మగ్దలేనే మరియ, హేరోదు కొలువులోని కూజా యను ఉద్యోగి భార్యయైన యోహన్న, సూసన్న మొదలగువారు తమ ధనముతో ఆ జట్టును పోషించిరని లూకా సువార్త చెప్పుచున్నది. ఒక గ్రామమున మార్త యను స్త్రీ వారికి ఆతిథ్యమిచ్చెను. ఆమె చెల్లెలు మరియ గురుపాదముల కడ కూర్చుండి బోధ వినుచుండగా, మార్త పనుల తొందరలో వేసారి, తన కొక్కతెకే పని విడిచిన చెల్లెలిని మందలింపుమని యేసునే అడిగెను. మరియ మంచి భాగము నెన్నుకొన్నదని ఆయన సమాధానము. బోధకులు ఈ కథ చెప్పి మార్తను తప్పుపట్టుట కద్దు. నాకు మాత్రము చదివినప్పుడెల్ల ఒక సందేహము కలుగును. ఆనాటి భోజనము తుద కెవరు వండి వడ్డించిరో సువార్తలో లేదు. మార్తయు వచ్చి కూర్చుండినయెడల మంచి భాగము ఆమెకును దక్కియుండును. ఆమె కూర్చుండవలెనన్నచో మిగిలినవారు లేచి ఒక చేయి వేయవలసియుండును.

యేసు పునరుత్థానమైన దినమని క్రైస్తవులు ఆదివారమును ఆరాధన దినముగా నెంచుకొనిరి. కనుక సేవాయాత్ర చేయువారికి ఆదివారము విశ్రాంతి దినము కాజాలదు. ఆనాడే వారికి పని హెచ్చు. అందువలన విడుపు సోమవారమునకో, మఱియొక నాటికో జరుగును. మా గ్రామమునకు వచ్చినవారికిని అట్లే జరిగినది.

మా గ్రామము మెదకు పట్టణమునకు బస్సులో గంట ప్రయాణము. సముద్రతీరపు జిల్లా నుండి ఒక సంఘమువారు 18 మంది వచ్చి పదిదినములు మా ఊర విడిది చేసిరి. కంటి వైద్యులొకరు, సామాన్య వైద్యులొకరు, నర్సులు నలుగురు, తక్కినవారు కాలేజీ యువతీయువకులు, పెద్దదిక్కుగా నొక బోధకులు. చుట్టుప్రక్కల ఊళ్లలో దినమున కొకచోట కండ్లు, రక్తపుపోటు, మధుమేహము పరీక్షించి మందులిచ్చుచుండిరి. మా వారు పాఠశాలలో ఉపాధ్యాయులగుటచే విడిదియిల్లు కుదుర్చు భారము వారిపై బడెను. సరకులు చూచుకొను పని నాకు వచ్చెను. వంటకు ముగ్గురు స్త్రీలను కూలికి కుదిర్చితిమి. ఇద్దరు వయసువారు, ఒకామె అరువదేండ్లకు దగ్గఱది. మూడు పూటల వంట, అంట్లు, నీళ్లు కాచుట వారిదే. మేము లేవకముందే వారు లేచెడివారు, మేము పండుకొన్న పిదప వారు పండుకొనెడివారు.

ఆదివారము రాత్రి బోధకులవారు మరునాటి ఏర్పాటు చెప్పిరి. ఉదయము ఆరు గంటలకు బస్సు. మెదకు చర్చి, కోట, ఏడుపాయలు చూచి సాయంకాలమునకు తిరిగి వచ్చుట. దారిలో తినుటకు పులిహోర, దద్ధ్యోజనము, వడలు కట్టించవలెను. ఆయన మెత్తని మనసు గలవారు. ఆరు గంటల బస్సుకు ఇరువదిమంది భోజనము కట్టవలెనన్న వంటవారు రెండు గంటలకే లేవవలెనని ఆయనకు తోచలేదు, అంతే. పులిహోర తినువారికి దాని రుచి తెలియును గాని, అది ఎన్నిగంటలకు పొయ్యి యెక్కెనో తెలియదు గదా.

అరుగుమీద మందులు సర్దుచున్న పెద్ద నర్సుగారు వంటామెను జూచి, "రేపు మాకు సెలవు గదమ్మా, మరి మీకు?" అని యడిగెను. ఆమె నవ్వి, "మాకు సెలవేందమ్మా, తినెటోళ్లున్నన్ని దినాలు వండాలె గద" అనెను. ఇరువురిలో ఎవరును కష్టముగా పలుకలేదు. కాని ఆ రాత్రి ప్రార్థనవేళ నర్సుగారు ఒక కుఱ్ఱవానిని పిలిచి విశ్రాంతి దినపు ఆజ్ఞ చదువుమనిరి. అతడు గడగడ చదువుచు దాసి యను మాట కడకు వచ్చుసరికి, "అక్కడ ఒకసారి ఆగు నాయనా" అనిరి. అతడు ఆగెను. వంటయింట అంట్లు తోము చప్పుడు అందఱకును వినబడుచుండెను.

కొంతసేపటికి బోధకులవారే, "రేపు పొయ్యి రాజేయవద్దు. వంటవారును మనతో వచ్చెదరు" అనిరి. ఆ మాట చెప్పుటకు నేను వంటయింటికి పోగా, చిన్నామె నన్ను ప్రక్కకు పిలిచి, "అమ్మా, రేపటి కూలి కోస్తరా?" అని మెల్లగా అడిగెను. ఇది మనమందఱము తలచుకొనవలసిన ప్రశ్న. కూలి పోయిన విడుపు విడుపు కాదు, పస్తు. నేను పోయి అడుగగా, కూలి పూర్తిగా ముట్టునని బోధకులవారు మాటయిచ్చిరి. అప్పుడుగాని వారు నిశ్చింతగా ప్రయాణమునకు ఒప్పుకొనలేదు.

మరునాటి ఆహారము పొయ్యి లేకయే సిద్ధమైనది. అటుకులు తడిపి పెరుగులో కలిపి, పచ్చిమిరపకాయ, అల్లము, కొత్తిమీర తరిగి వేసితిమి. అరటిపండ్లు, జామపండ్లు, వేయించిన వేరుసెనగలు, బెల్లము. యువకులే కొబ్బరికాయలు కొట్టిరి. మధ్యాహ్నము మెదకులో ఒక భోజనశాలయందు అందఱము వరుసగా కూర్చుంటిమి. పెద్ద వంటామెకు వడ్డించుటయే గాని వడ్డింపించుకొనుట అలవాటు లేకపోయె గనుక, సగము భోజనములో రెండుసార్లు లేచి నీళ్ల చెంబు వెదకెను. నర్సుగారు ఆమె చేయి పట్టి కూర్చుండబెట్టిరి.

మెదకు చర్చి తెలంగాణమున నున్న గొప్ప కట్టడములలో నొకటి. హైదరాబాదునకు సుమారు 100 కిలోమీటర్ల దూరమున నున్న ఈ పట్టణమునకు 19వ శతాబ్ది చివర చార్లెస్ వాకర్ పాస్నెట్ అను వెస్లియన్ మెథడిస్టు మిషనరీ వచ్చెను. 1914లో కట్టడము మొదలై పది సంవత్సరములు సాగెను. 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠ జరిగెను. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురము ఎత్తు 175 అడుగులు. లోపల సుమారు 5,000 మంది కూర్చుండవచ్చును. నేలకు పఱచిన రంగుపలకలు బ్రిటనునుండి వచ్చినవి, వానిని పొదిగినవారు ఇటలీ దేశపు పనివారు. 1947లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు మెదకు ఒక అధ్యక్ష ఖండమై, ఈ చర్చి దానికి ప్రధానాలయమైనది.

కట్టడము సాగిన కాలము మొదటి ప్రపంచయుద్ధకాలము. ఈ ప్రాంతమున కఱవు వచ్చి జనులు తిండికి మలమలలాడిన కాలము. ఊరక దానము చేయక, పనికి వచ్చినవారికి తిండి దొరకునట్లు పాస్నెట్ ఈ నిర్మాణమును నడిపెను. కనుక ఈ గోడలలోని రాయి యొక్కొక్కటి ఒక కుటుంబపు పూట గడుపుటకు ఎత్తినది. మేము మెట్లెక్కుచుండగా పెద్ద వంటామె ఒక స్తంభముపై చేయి వేసి, "మా ముత్తవ్వ ఈడ రాళ్లు మోసిందట. జొన్నలిచ్చిండ్రట. మా అవ్వ చెప్పేది" అనెను. అంతవఱకు మాకు దారిచూపుచుండినవాడు నగరమునుండి తెచ్చుకొన్న చిన్నపుస్తకము మూసి, ఆమె చెప్పునది వినసాగెను. ఆమె బయటనుండి ఈ చర్చిని పలుమారు చూచినది గాని, లోపల కూర్చుండుట అదే మొదటిసారియట.

లోపల మూడు ప్రక్కల మూడు పెద్ద కిటికీలు రంగుటద్దములతో నున్నవి. వేదిక వెనుక క్రీస్తు ఆరోహణము, ఒక ప్రక్క జననము, మఱియొక ప్రక్క సిలువ. ఆరోహణపు కిటికీ 1927లో అమర్చినది. దీనికి చిత్రము కల్పించినవాడు ఫ్రాంక్ సాలిస్‌బరీ అను ఆంగ్ల చిత్రకారుడు. తక్కిన రెండును ఆ తరువాతి దశాబ్దములలో వచ్చినవి. ఈ కిటికీలు బయటనుండి చూచిన మసి పట్టినట్లు నల్లగా కనబడును. లోపల నిలిచి, సూర్యుని వెలుగు వాని గుండా వచ్చునప్పుడు చూడవలెను. ఎఱుపు, నీలము, బంగారువన్నె నేలపై పఱచుకొనును. పొద్దుగ్రుంకినచో చిత్రము మాయము. దీపములతో దానిని చూపుట కుదరదు.

అందఱము బల్లలపై కూర్చుండి చూచుచుంటిమి. నర్సుగారు వంటామెకు ఆ చిత్రములోని కథ చెప్పుచుండిరి. ఆమె తల ఊపుచు, "రంగులు మంచిగున్నయమ్మా. బొమ్మ అంటున్నరు గని, నాకైతే అలికినట్టే కొడ్తున్నది" అనెను. వెనుకబల్లపై కూర్చున్న కంటి వైద్యులు లేచి వచ్చి ఆమె ప్రక్కన కూర్చుండిరి. ఎన్నాళ్లనుండి ఇట్లున్నదని యడిగిరి. "రెండేండ్లాయె సారు. బియ్యంల రాళ్లు చేతితోనే తడుముకుంట ఏరుత." మా శిబిరమునకు ఏల రాలేదని యడిగిరి. "మీకు వంట చేయాలె గద సారు, యాడ తీరుతది?"

కండ్లు పరీక్షించుటకు వచ్చిన జట్టు వందలమంది కండ్లు చూచినది. తమకు మూడు పూటల అన్నము పెట్టుచున్న యామె కండ్లు చూడలేదు. దీపము క్రింద చీకటి యని మనవారు ఊరక అనలేదు. వైద్యులవారు చాలసేపు మాటాడక ఆ కిటికీ వైపే చూచుచుండిరి.

కంటి శుక్లము అనునది ఇట్లే వచ్చును. కంటిలోపలి కటకము వయసుతో మబ్బుగ్రమ్మినట్లగును. నొప్పి యుండదు. రంగు తెలియును, వెలుగు తెలియును, అంచులు మాత్రము చెదరిపోవును. ఎండలో కండ్లు మిఱుమిట్లు గొలుపును. నొప్పి లేకపోవుటచేతనే మన స్త్రీలు దీనిని ముసలితనమని సరిపెట్టుకొని, సూదిలో దారము మనుమలచేత ఎక్కించుకొనుచు కాలము గడుపుదురు. దీనికి చుక్కలమందు లేదు. మబ్బుపట్టిన కటకము తీసి, దాని చోట కృత్రిమ కటకము అమర్చు శస్త్రచికిత్స యొకటే మార్గము. అది స్వల్పకాలములో ముగియును. పెక్కుమంది ఆనాడే ఇంటికి వచ్చెదరు.

చర్చి చూచిన పిదప కోటకు పోతిమి. సుమారు 300 అడుగుల ఎత్తుగల గుట్టపై కాకతీయులనాడు వెలసిన దుర్గమిది. పిదప కుతుబ్‌షాహీల యేలుబడిలో మసీదు, ధాన్యపు కొట్లు వెలసినవి. మెదకు అనుపేరు మెతుకు అను మాటనుండి వచ్చినదని ఇచ్చటివారు చెప్పుదురు. కోటకు మెతుకు దుర్గమని పేరు. యువతీయువకులు, చిన్న వంటవారిద్దరు పోటీపడి గుట్ట యెక్కిరి. పెద్దవారము క్రింద నీడను కూర్చుంటిమి. వంటామె చెంగు పఱచుకొని రాతిపైననే నిదురపోయెను. ఆ గంట నిదుర చూచి నర్సుగారు, "ఈ దినమునకు ఇదే అన్నిటికన్న మంచి దృశ్యము" అనిరి.

సాయంకాలమునకు ఏడుపాయలు చేరితిమి. మంజీర నది బండరాళ్ల నడుమ పాయలుగా చీలి పాఱుచోట వనదుర్గాభవాని ఆలయమున్నది. జనమేజయుడు సర్పయాగము చేసిన తావు ఇదియేనని స్థలపురాణము. మహాశివరాత్రికి గొప్ప జాతర జరుగును. వానలకాలమున ఎగువనుండి నీరు వదలినప్పుడు గుడిలోనికి వరద వచ్చి దర్శనము నిలిచిపోవుటయు కలదు. మాఘమాసమగుటచే నీరు పలుచగా, నిర్మలముగా నుండెను. మా వంటవారు ముగ్గురును అమ్మవారి దర్శనమునకు పోయిరి. ఆ సంఘమువారు ఒడ్డున కూర్చుండి వారి చెప్పులకును సంచులకును కావలి కాచిరి. ఎవరి పూజ వారిది, ఒకరి నొకరు ఏమియు అనలేదు. పసుపు కుంకుమలతో తిరిగివచ్చి వారు ప్రసాదము పంచగా, కొందఱు తీసికొనిరి, కొందఱు నమస్కరించి వలదనిరి. ఎవరి మొగమును చిన్నబోలేదు.

మంగళవారము ఉదయము శిబిరమున మొదటి కుర్చీలో మా వంటామె కూర్చుండెను. రెండు కండ్లలోను శుక్లమున్నదనియు, కుడికన్ను వెంటనే చేయించుకొనదగినదనియు వైద్యులు చెప్పిరి. నెల దాటకముందే పట్టణపు ఆసుపత్రిలో శస్త్రచికిత్స జరిగినది. ఇప్పుడు కండ్లద్దములు పెట్టుకొని బియ్యము తానే చూచి ఏరుచున్నది. మొన్న మా ఇంటికి వచ్చి, అన్నములో మెతుకు మెతుకు వేరుగా కనబడుచున్నదని చెప్పి మురిసిపోయెను. ఆ బృందమువారు ఉన్న తక్కిన దినములలో యువకులు వంతులు వేసికొని కూరలు తరిగి, అంట్లు తోమిరి. వంటవారికి మధ్యాహ్నము రెండు గంటలు తీరిక చిక్కెను. పని ఏమియు తగ్గలేదు, పలువురి చేతులలోనికి పంపకమైనది.

సోదరీమణులారా, మన ఇండ్లకు బంధువులు వత్తురు, యాత్రికులు వత్తురు, పిల్లలు సెలవులకు వత్తురు. మనమును యాత్రలకు పోవుదుము. అట్టియెడల కొన్ని సంగతులు గుర్తుంచుకొనదగును. విశ్రాంతి దినము నిర్ణయించునప్పుడు, ఆనాటి తిండి ఎవరు, ఏవేళ లేచి సిద్ధము చేయవలెనో ముందుగా అడుగుడు. పొయ్యి లేని ఆహారమునకు సిగ్గుపడవలదు. అటుకులు, పెరుగు, పండ్లు, వేరుసెనగలు, చద్దియన్నము పిల్లలకు పెద్దలకు బలమే. కూలికి వచ్చువారికి విడుపునాటి కూలి ముందే చేతబెట్టుడు. స్థలము చూడబోవునప్పుడు వారిని వెంటబెట్టుకొని పొండు. చాలచోట్ల ఆ స్థలమును గూర్చి పుస్తకమున లేని సంగతి వారికే తెలిసియుండును. ఇంటిలో నలువది దాటిన స్త్రీలందఱును, తమ చూపు బాగున్నదని తోచినను, ఏడాది రెండేండ్ల కొకసారి కండ్లు చూపించుకొనవలెను. ఇంటిల్లిపాదికిని మందులు జ్ఞాపకము చేయు తల్లి తన కండ్లమాట తానే మఱచిపోవును గనుక, ఆమెకు ఇతరులు జ్ఞాపకము చేయవలెను.

మా ఇంట ఈ నెలనుండి రెండవ ఆదివారము పొయ్యికి విడుపు. ఆ పూట మా వారును, పిల్లలును అటుకులు కలుపుదురు. ఉప్పు ఒకనాడు హెచ్చగును, ఒకనాడు తగ్గును, తినవచ్చును. మీ ఇండ్లలో పొయ్యికి విడుపు ఏనాడో, ఆనాడు ఏమి తినెదరో వ్రాసి పంపుడు. వచ్చు నెలలో మంచి జాబులను ఈ శీర్షికయందే అందఱకును వినిపించెదను.